బిట్ పేపరుకూ ఒక పరీక్ష

హైస్కూలు సైన్సు పరీక్షలో బహుళైచ్ఛిక ప్రశ్నలకు, వాడుకలో చెప్పాలంటే బిట్లకు, ఒక తరగతి పిల్లలు పెట్టిన జవాబులన్నిటినీ పట్టికగా వేస్తే అడ్డవరుసకు ఒక విద్యార్థి, నిలువువరుసకు ఒక ప్రశ్న వస్తాయి. అడ్డవరుసను కూడితే విద్యార్థి మార్కులు తేలతాయి. చాలా బడుల్లో పని అక్కడితో సరి. మార్కులు రిజిస్టరుకెక్కుతాయి, ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు పడతాయి, జవాబుపత్రాలు కట్టగట్టి అటకెక్కిస్తారు. అదే పట్టికను నిలువుగా చదివితే ప్రశ్నల మంచిచెడ్డలు తేలతాయి. ఎంతమంది సరిగా పెట్టారు, ఎలాంటి వాళ్లు సరిగా పెట్టారు, తప్పినవాళ్లు ఏ ఆప్షన్ వైపు పోయారు అన్న మూడు విషయాలూ ఆ నిలువువరుసలోనే ఉంటాయి. బీఈడీ పుస్తకాల్లో దీన్ని అంశ విశ్లేషణ అంటారు. దీని తొలి మెట్లు ఎక్కడానికి కూడికలు, తీసివేతలు, భాగహారాలు వస్తే చాలు.

ఈ రకం ప్రశ్నపత్రానికి నూరేళ్లు దాటాయి. 1912, 1913 ప్రాంతంలో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే ఒక్క జామెట్రీ జవాబుపత్రాన్ని వందమందికి పైగా ఉపాధ్యాయులకు పంపి దిద్దమన్నారు. అదే కాగితానికి ఒకరు 30 లోపు మార్కులు వేస్తే, ఇంకొకరు 90కి పైగా వేశారు. దిద్దేవాడి ఇష్టాయిష్టాలకు తావు లేకుండా మార్కులు వేయడమెలా అన్న వెతుకులాటలో కాన్సాస్ రాష్ట్రానికి చెందిన ఫ్రెడరిక్ కెల్లీ 1915 ప్రాంతంలో, ఇచ్చిన జవాబుల్లో ఒకదాన్ని గుర్తించే పద్ధతిని తన పఠన పరీక్షలో ప్రవేశపెట్టాడు. రెండేళ్లు తిరక్కుండానే మొదటి ప్రపంచ యుద్ధం ఆ పద్ధతిని అందిపుచ్చుకుంది. అమెరికా సైన్యం దాదాపు 17 లక్షల మందికి ఈ తరహా పరీక్షలు పెట్టింది. ఆ తరువాతి మలుపు ఒక హైస్కూలు సైన్సు మాస్టారి చలవ. మిచిగన్ రాష్ట్రంలో పాఠాలు చెప్పుకునే రేనాల్డ్ జాన్సన్, పెన్సిల్ గీతలోని గ్రాఫైటు గుండా కరెంటు ప్రవహిస్తుందన్న చిన్న సంగతిని పట్టుకుని జవాబుపత్రాలు దిద్దే యంత్రాన్ని రూపొందించాడు. ఐబీఎం సంస్థ ఆ ఆలోచనను కొని, ఆయన్నీ కొలువులో పెట్టుకుని, 1938లో 805 అనే యంత్రంగా అమ్మకానికి తెచ్చింది. గ్రాఫైటు విద్యుద్వాహకమని తెలుగునాట పదో తరగతిలో చెప్తారు గాని, ఈ కథ చెప్పరు. నేటి ఓఎంఆర్ షీటును యంత్రం కరెంటుతో కాక కాంతితో చదువుతుంది.

యంత్రం రాకతో దిద్దుబాటులో పక్షపాతం పోయింది. ప్రశ్న తయారీలో పొరపాటు మాత్రం ఎప్పటిలాగే మిగిలింది. కీ తప్పయితే యంత్రం లక్షమందికీ అదే తప్పును నిర్దాక్షిణ్యంగా వర్తింపజేస్తుంది. గణాంక విశ్లేషణ అవసరం ఇక్కడే మొదలవుతుంది.

మొదటి అంకె సులభత సూచిక. ప్రశ్నను సరిగా చేసినవాళ్ల సంఖ్యను రాసినవాళ్ల సంఖ్యతో భాగిస్తే వస్తుంది. 40 మంది తరగతిలో 26 మంది సరిగా పెడితే 0.65. అందరూ సరిగా పెడితే 1, ఎవరూ పెట్టకపోతే సున్నా. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నలో పాఠం ముట్టుకోనివాడికి కూడా నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది కాబట్టి 0.25 దగ్గరున్న ప్రశ్నను తరగతి మొత్తం ఊహించి పెట్టిందేమోనని అనుమానించాలి. పిల్లల మధ్య తేడాలు పట్టుకోవడమే లక్ష్యమైతే ఈ సూచిక 0.25కీ 1కీ నడిమధ్య, అంటే 0.6 పైచిలుకు ఉండడం మేలని పరీక్షా నిపుణుల లెక్క. అయితే యూనిట్ టెస్టుకూ ప్రవేశపరీక్షకూ ఈ లెక్క ఒకటి కాదు. ఆమ్లంలో నీలి లిట్మస్ ఏ రంగుకు మారుతుందని యూనిట్ టెస్టులో అడిగితే 95 శాతం మంది ఎరుపనే పెడతారు. చెప్పిన పాఠం అందిందని దానర్థం. అంకె పెద్దదిగా ఉందని అలాంటి ప్రశ్నను తీసిపారేయడం తెలివితక్కువ.

రెండో అంకె విచక్షణ సూచిక. పాఠం వచ్చినవాణ్ణి రానివాడి నుంచి ప్రశ్న ఏపాటి వేరు చేస్తోందో ఇది చెబుతుంది. మొత్తం మార్కుల వరుసలో జవాబుపత్రాలను పేర్చి, పైనుంచి 27 శాతం, కిందనుంచి 27 శాతం తీసుకుంటారు. ఈ 27 ఎక్కడిదంటే, 1939లో ట్రూమన్ కెల్లీ అనే అమెరికన్ గణాంకవేత్త చూపించిన లెక్క. గుంపులు మరీ చిన్నవైతే అంకెలకు నిలకడ ఉండదు. మరీ పెద్దవైతే రెండింటి మధ్య తేడా పలచబడుతుంది. మార్కుల పంపిణీ మామూలు గంట ఆకారంలో ఉన్నప్పుడు ఈ రెండు చిక్కులకూ మధ్యేమార్గం 27 దగ్గర పడుతుంది. చిన్న తరగతిలో మూడో వంతో సగమో తీసుకున్నా కొంప మునిగేదేమీ లేదు.

లెక్కను దగ్గరగా చూడడానికి తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం నుంచి ఒక ప్రశ్న తీసుకోవచ్చు. నిట్టనిలువుగా పైకి విసిరిన రాయి గరిష్ఠ ఎత్తుకు చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత, ఏ దిశలో? ఆప్షన్ ఎ, సున్నా. ఆప్షన్ బి, 9.8, పైదిశలో. ఆప్షన్ సి, 9.8, కిందిదిశలో. ఆప్షన్ డి, విసిరిన వేగాన్ని బట్టి మారుతుంది. సరైన జవాబు సి. వందమంది రాశారనుకుంటే పై గుంపులో 27 మంది, కింది గుంపులో 27 మంది ఉంటారు. పై గుంపులో 18 మంది సి పెట్టారు, 8 మంది ఎ పెట్టారు, ఒకరు డి పెట్టారు. కింది గుంపులో సి పెట్టింది ముగ్గురే. ఎ పెట్టినవాళ్లు 17 మంది, బి ముగ్గురు, డి నలుగురు. ఇవి నమూనా అంకెలే అయినా ఇలాంటి ప్రశ్నకు జవాబులు దాదాపు ఈ పోకడలోనే వస్తాయి. పై గుంపులో సరైనవి 18, కింది గుంపులో 3, తేడా 15. దాన్ని 27తో భాగిస్తే 0.56. రాబర్ట్ ఈబెల్ అనే విద్యా పరిశోధకుడు పెట్టిన కొలబద్ద ప్రకారం 0.40 దాటితే ప్రశ్న చాలా మంచిది. 0.30 నుంచి 0.39 వరకు ఫరవాలేదు. 0.20 నుంచి 0.29 వరకు ఉంటే సవరించాలి. అంతకంటే తక్కువైతే పక్కన పెట్టాలి, లేదా మొదటినుంచీ తిరగరాయాలి. రెండు గుంపులూ కలిపి 54 మందిలో 21 మంది సరిగా పెట్టారు కాబట్టి సులభత 0.39. అంటే కాస్త కఠినమైనదే గాని, బాగా పనిచేసే ప్రశ్న.

ఆ అంకెలు రెండూ తేలాక కూడా ఈ ప్రశ్నలో అసలు సరుకు మిగిలే ఉంటుంది. అది తప్పు ఆప్షన్లలో ఉంది. కింది గుంపులో 27 మందికి 17 మంది ఒకే తప్పు జవాబు పెట్టారు. ఇది ఇంకీ పింకీ అని వేలు పెట్టిన లెక్క కాదు. అలా పెట్టి ఉంటే నాలుగు ఆప్షన్లకూ తలా ఆరేడుగురు వచ్చేవారు. పై గుంపులోనూ 8 మంది అదే ఎ దగ్గర జారారు. రాయి ఆ క్షణంలో ఆగింది కాబట్టి త్వరణం కూడా సున్నా అని వాళ్ల తర్కం. వేగం సున్నా కావడమూ, వేగంలో మార్పు సున్నా కావడమూ వాళ్ల బుర్రలో ఇంకా విడిపడలేదు. గురుత్వాకర్షణ ఆ ఒక్క క్షణం సెలవు పుచ్చుకుంటే రాయి అక్కడే గాల్లో వేలాడుతుంది కదా అన్న ఒక్క ప్రశ్నతో చర్చ మొదలుపెడితే, పాఠమంతా మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. ఏ పిల్లవాడికి ఎన్ని మార్కులొచ్చాయన్న జాబితా ఈ దారి చూపించలేదు. మరోపక్క ఆప్షన్ బి పని చేయలేదు. పై గుంపులో ఒక్కరూ దానివైపు చూడలేదు, కింది గుంపులో ముగ్గురే చూశారు. వందకు అయిదుగురినైనా లాగలేని తప్పు ఆప్షన్‌ను చాలామంది నిపుణులు దండగ కిందే లెక్కగడతారు. అది కాగితం మీద చోటు తింటుంది, చదివే సమయం తింటుంది. నాలుగో ఆప్షన్‌గా ఏదో ఒకటి ఉండాలి కదా అని చివర్లో తగిలించిన ‘పైవేవీ కావు’ది చాలాసార్లు ఇదే గతి. మైకేల్ రోడ్రిగెజ్ 2005లో ఎనభై ఏళ్ల పరిశోధనలను కలిపి చూసి, చాలా పరీక్షలకు మూడు ఆప్షన్లే సరిపోతాయని తేల్చాడు. మన పరీక్షలకు నాలుగు అలవాటైపోయింది, అంతే.

తప్పు ఆప్షన్లు రాసే కళకు ఇప్పటికీ ఒజ్జబంతిగా నిలిచేది భౌతికశాస్త్రంలోని ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ. అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ హెస్టెనెస్, మరో ఇద్దరు కలిసి 1992లో దీన్ని ప్రచురించారు. బలం, చలనం మీద మొదట 29 ప్రశ్నలు, తరవాత సవరించిన రూపంలో 30. ఒక్క ప్రశ్నకూ కాగితం మీద లెక్క చేయనక్కర్లేదు. ఒకే సైజువి, ఒకటి రెండోదానికి రెట్టింపు బరువున్నవి రెండు లోహపు గోళాలను మేడమీదనుంచి వదిలితే ఏది ముందు నేల తాకుతుంది అన్న తీరులో ఉంటాయి. ఇందులోని తప్పు జవాబులు ఉపాధ్యాయుల ఊహలో పుట్టినవి కావు. అంతకుముందు ఇలాంటి ప్రశ్నలకే విద్యార్థులు తమ మాటల్లో చెప్పిన జవాబుల నుంచి ఏరినవి. అందుకే అవి అంత బలంగా లాగుతాయి. 1998లో రిచర్డ్ హేక్ 62 కోర్సుల్లో 6,542 మంది విద్యార్థుల ఫలితాలను పోల్చాడు. వాళ్లలో హైస్కూలు పిల్లలూ ఉన్నారు. కోర్సుకు ముందు తెలియకుండా మిగిలిన దానిలో కోర్సు అయ్యేసరికి ఎంత వంతు నేర్చుకున్నారని లెక్కిస్తే, ఉపన్యాసాలు వింటూ కూర్చున్న తరగతుల్లో సగటున 0.23, చర్చించుకుంటూ చేసి చూసుకుంటూ నేర్చుకున్న తరగతుల్లో 0.48 వచ్చింది. పాఠం బాగా చెప్పామని నిబ్బరంగా ఉన్న ఎందరో అధ్యాపకులకు ఆ మొదటి అంకె మింగుడుపడలేదు.

జీవశాస్త్రంలో ఇంకో దారి తొక్కింది ఆస్ట్రేలియా. డేవిడ్ ట్రెగస్ట్, ఆయన సహచరులు 1980ల చివర్లో రెండంచెల ప్రశ్నలు రూపొందించారు. మొదటి అంచెలో జవాబు, రెండో అంచెలో ఆ జవాబుకు కారణం గుర్తించాలి. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియల మీద హైస్కూలు పిల్లలకు పెట్టిన పరీక్ష వీటిలో పేరున్నది. మొక్కలు రాత్రిపూటే శ్వాసిస్తాయి, పగలు కిరణజన్య సంయోగక్రియ మాత్రమే చేస్తాయి అన్న అపోహ మన దగ్గరా బలమైనదే. రాత్రి చెట్టు కింద పడుకోవద్దనే పెద్దల మాటకు పాఠ్యపుస్తకంలోని సగం జ్ఞాపకం తోడై అది ఇంకా గట్టిపడుతుంది. రెండు అంచెల్లోనూ నాలుగేసి ఆప్షన్లుంటే గుడ్డిగా పెట్టి రెండూ సరిపోయే అవకాశం పదహారింట ఒకటి. జవాబు సరైనదై కారణం తప్పినవాళ్లు విడిగా బయటపడతారు. మామూలు బిట్ పేపర్లో వాళ్లకు పూర్తి మార్కు పడేది.

విచక్షణ సూచిక కొన్నిసార్లు సున్నాకు దిగువన, రుణ సంఖ్యగా వస్తుంది. బాగా చదివేవాళ్లు తప్పుతున్నారు, చదవనివాళ్లు సరిగా పెడుతున్నారన్నమాట. అప్పుడు ముందు చూడాల్సింది కీ. కీ సరిగానే ఉంటే ప్రశ్నలో రెండు సరైన జవాబులున్నాయేమో చూడాలి. రసాయనశాస్త్రంలో దీనికి పాతకాపు లాంటి ప్రశ్న ఒకటుంది. గది ఉష్ణోగ్రత వద్ద ద్రవస్థితిలో ఉండే మూలకం ఏది? ఆప్షన్లు ఇనుము, పాదరసం, బ్రోమిన్, గంధకం. కీలో పాదరసం. థర్మామీటరు చూసిన ప్రతి పిల్లవాడూ పాదరసం పెట్టి మార్కు కొట్టేస్తాడు. హాలోజన్ల పాఠం శ్రద్ధగా చదివిన పిల్ల మాత్రం బ్రోమిన్ కూడా ద్రవమే కదా అని తటపటాయించి, సగం మార్లు అటు పోతుంది. చదివినందుకు శిక్ష పడింది ఆమెకే. ‘ద్రవస్థితిలో ఉండే లోహం’ అని అడిగితే ఈ ఆప్షన్ల వరకు చిక్కు తీరుతుంది. గాలియం ఆప్షన్‌గా లేదు కాబట్టి సరిపోయింది. అది దాదాపు 29.8 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, మే నెల రెంటచింతలలో గది ఉష్ణోగ్రత దానికి ఎక్కువే.

ఇలాంటి చిక్కు దేశమంతా చూసింది 2024 నీట్‌లో. పరమాణువుల గురించి రెండు వాక్యాలిచ్చి ఏది ఒప్పు, ఏది తప్పు అని అడిగిన భౌతికశాస్త్ర ప్రశ్న అది. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని వాక్యం ప్రకారం రెండో ఆప్షన్ సరైనదనిపిస్తుంది. కొత్త పుస్తకం ప్రకారం నాలుగోది. పరీక్ష పెట్టిన ఎన్‌టీఏ రెండింటికీ మార్కులిచ్చింది. సుప్రీంకోర్టు ఢిల్లీ ఐఐటీ నిపుణులు ముగ్గురికి చూపిస్తే నాలుగో ఆప్షన్ ఒక్కటే సరైనదని వాళ్లు తేల్చారు. అభ్యర్థుల్లో తొమ్మిది లక్షల పైచిలుకు మంది నాలుగోది, నాలుగు లక్షల పైచిలుకు మంది రెండోది పెట్టారు. మొత్తం మీద చూస్తే నాలుగో ఆప్షన్‌దే పైచేయి. పట్టిక కొసకు పోతే కథ తారుమారవుతుంది. అప్పటికి పూర్తి మార్కులతో ఉన్న 61 మందిలో 44 మంది పెట్టింది రెండో ఆప్షనే. సవరించిన ఫలితాల్లో పూర్తి మార్కులవాళ్లు 17 మందే మిగిలారు. జనమంతా ఒకవైపు, కొసన ఉన్నవాళ్లలో అధికులు మరోవైపు నిలిచిన ఇలాంటి ప్రశ్నను అంశ విశ్లేషణ మొదటి పేజీలోనే ఎర్రసిరాతో చుట్టి చూపిస్తుంది. శాస్త్రపరంగా ఏది ఒప్పన్నది మాత్రం అంకెలు చెప్పవు. అది విషయం తెలిసినవాళ్లు కూర్చుని తేల్చాల్సిందే.

గుడ్డి ఊహల సంగతీ లెక్కకు అందేదే. నాలుగేసి ఆప్షన్లున్న 40 ప్రశ్నలకు కళ్లు మూసుకుని పెట్టేవాడికి సగటున 10 మార్కులొస్తాయి. ఆ పది చుట్టూ మార్కుల చెదురుదనాన్ని కొలిచే ప్రామాణిక విచలనం దాదాపు 2.7. కాబట్టి ఏమీ చదవనివాళ్లలో నూటికి తొంభై అయిదుగురికి పైగా 5కూ 15కూ మధ్య పడతారు. నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఈ కోత ఊహను పూర్తిగా కట్టడి చేస్తుందని చాలామంది నమ్మకం. లెక్క వేస్తే, గుడ్డిగా పెట్టిన నాలుగు ప్రశ్నల్లో సగటున ఒకటి సరై 4 వస్తాయి, మూడు తప్పై 3 పోతాయి, ఇంకా ఒక మార్కు మిగులుతుంది. మిగలకుండా చేయాలంటే కోత ఒకటీ మూడో వంతు ఉండాలి. కోత పెట్టడం వల్ల ధైర్యస్తుడికీ పిరికివాడికీ తేడా వస్తుందే గాని, తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా పెద్దగా పెరగదన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. హైస్కూలు స్థాయిలో కోత అక్కర్లేదు.

ప్రశ్నల సంగతి తేలాక పరీక్ష మొత్తం సంగతి. ఈరోజు 24 మార్కులొచ్చిన విద్యార్థికి అలాంటిదే మరో పేపరు ఇస్తే మళ్లీ అన్నే వస్తాయా? దీన్ని విశ్వసనీయత అంటారు. కూడర్, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు 1937లో ఇచ్చిన సూత్రాల్లో ఇరవయ్యోది ఈ పనికి వాడుకలో ఉంది. వాళ్ల వ్యాసంలో ఆ వరుస సంఖ్య పడింది కాబట్టి ఇప్పటికీ దాన్ని కేఆర్ 20 అనే పిలుస్తారు. అన్ని ప్రశ్నలూ ఒకే తాటిమీద నడుస్తున్నాయా, లేక తలో దిక్కూ లాగుతున్నాయా అని అది కొలుస్తుంది. ఫలితం సాధారణంగా సున్నాకూ ఒకటికీ మధ్య వస్తుంది. వారం వారం పెట్టే పది బిట్ల స్లిప్ టెస్టుకు అది 0.50 అనుకుంటే, అదే నాణ్యతతో 20 బిట్లు చేస్తే 0.67కు, 40 బిట్లు చేస్తే 0.80కి పెరుగుతుంది. ఈ పెరుగుదలను ముందే చెప్పే సూత్రాన్ని స్పియర్‌మన్, బ్రౌన్ 1910లో విడివిడిగా కనిపెట్టారు. పది బిట్ల పరీక్షతో పిల్లలకు ర్యాంకులు కట్టడం ఎందుకు కూడదో ఈ అంకెలే చెబుతాయి.

విశ్వసనీయత 0.80 ఉన్న 40 మార్కుల పరీక్ష మంచి పరీక్షే. అయినా ఆ మార్కుల ప్రామాణిక విచలనం 6 అనుకుంటే, ఒక్కో విద్యార్థి మార్కులో ఉండే దోషం దాదాపు 2.7. అంటే 24 వచ్చిన పిల్లవాడి అసలు స్థాయి 21కీ 27కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అదీ మూడింట రెండు వంతుల నమ్మకంతోనే. 24 వచ్చినవాడికీ 25 వచ్చినవాడికీ మధ్య తేడా ఉందని ఈ పరీక్ష చెప్పలేదు. టీవీల్లో ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు అంటూ ఊపిరి తిప్పుకోకుండా ర్యాంకులు చదివే ప్రకటనలకు ఈ దోషం లెక్క తగిలిస్తే ఆ జాబితాలో సగం వరుసలు గాలికి పోతాయి. సీట్లు తక్కువ, పోటీదారులు ఎక్కువ అయినచోట ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, నిజమే. ఆ గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్ల తెలివిలో తేడా ఉందనుకోవడం మాత్రం లెక్క తెలియని మాట.

పై లెక్కలన్నిటిలోనూ ఒక లోపం ఉంది. సులభత సూచిక ఆ తరగతిని బట్టి మారిపోతుంది. చురుకైన సెక్షన్‌లో 0.80 వచ్చిన ప్రశ్నకు పక్క సెక్షన్‌లో 0.45 రావచ్చు. ప్రశ్న మారలేదు, పిల్లలు మారారు. డెన్మార్క్ గణితవేత్త గియోర్గ్ రాష్ 1960లో ప్రచురించిన పుస్తకంలో ఈ ముడి విప్పే నమూనా ఇచ్చాడు. విద్యార్థి సామర్థ్యాన్నీ ప్రశ్న కాఠిన్యాన్నీ ఆయన ఒకే కొలమానం మీద పెట్టాడు. రెండూ సమానమైతే సరైన జవాబుకు అవకాశం సగం. సామర్థ్యం ఒక ప్రమాణం ఎక్కువైతే 73 శాతం, రెండు ఎక్కువైతే 88 శాతం. వేర్వేరు పేపర్లు రాసినవాళ్లను ఒకే త్రాసులో తూచడానికి ఈ కుటుంబానికి చెందిన పద్ధతులే ఆధారం. ఎనిమిదో తరగతి గణితం, సైన్సులను నాలుగేళ్లకోసారి అనేక దేశాల్లో కొలిచే టిమ్స్, పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పీసా నడిచేది వీటితోనే. పీసాలో మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్ 2009 విడతలో పాల్గొన్నాయి. ఈ లెక్కలకు వందల్లో, వేలల్లో జవాబుపత్రాలు కావాలి కాబట్టి ఇవి ఒక బడి చేతిలో పని కాదు.

బడి చేతిలో లేకపోయినా, రెండు మాధ్యమాలున్న తెలుగు రాష్ట్రాల్లో పరీక్షల నిర్వాహకులు వదలకూడని లెక్క మరొకటి ఉంది. ఒకే సామర్థ్యమున్న ఇద్దరు పిల్లల్లో ఒకరు తెలుగు మాధ్యమం, ఒకరు ఇంగ్లీషు మాధ్యమం అయితే, ఒకే ప్రశ్న ఇద్దరికీ సమానంగా అందుతోందా? మొత్తం మార్కులు సమానంగా వచ్చినవాళ్లను జతలు జతలుగా పోల్చి, ఫలానా ఒక్క ప్రశ్న దగ్గరే ఒక గుంపు వెనకబడుతోందేమో చూస్తారు. ఈ పద్ధతిని మాంటెల్, హెన్సెల్ 1959లో రోగాల కారణాలు వెతకడానికి రాశారు. 1980ల్లో దాన్ని పరీక్షల్లోకి తెచ్చారు. ద్రవ్యవేగం, వక్రీభవనం, ఉత్ప్రేరకం లాంటి పారిభాషిక పదాలు ఇంగ్లీషులో చదివినవాడికి తెలుగు పేపర్లో అడ్డుపడతాయి. తెలుగులో చదివినవాడికి ఇంగ్లీషు వాక్యంలోని ‘కాదు’ అనే చిన్న ముక్క కంటపడదు. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో కొన్నేళ్లుగా ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ అచ్చువేస్తున్నది ఈ అడ్డు తగ్గడానికే. భాషొక్కటే కాదు, సందర్భం కూడా పక్షపాతం చూపుతుంది. న్యూటన్ రెండో నియమాన్ని కిందికి దిగే లిఫ్టుతో అడిగితే ఒకరికి, బావి గిలకకు వేలాడే చేదతో అడిగితే మరొకరికి సులువు. నియమం ఇద్దరికీ ఒకటే వచ్చు.

ఇన్ని అంకెలూ సవ్యంగా ఉన్న పేపరు కూడా పనికిమాలినది కావొచ్చు. శాస్త్రవేత్తల పేర్లూ కనిపెట్టిన సంవత్సరాలూ అడిగే 40 బిట్లు చక్కగా విచక్షణ చూపుతాయి, విశ్వసనీయత 0.85 వస్తుంది. కొలిచింది మాత్రం బట్టీ. ప్రయోగం చేయడం, పరికల్పన పరీక్షించడం, గ్రాఫు చదవడం సిలబస్ లక్ష్యాలైతే ఆ పేపరుకు సప్రమాణత, అంటే కొలవాల్సినదాన్నే కొలిచే గుణం, లేనట్టే. దీన్ని కనిపెట్టడానికి సూత్రమేదీ లేదు. సిలబస్ పక్కన ప్రశ్నపత్రాన్ని పెట్టుకుని ఒక్కో బిట్టు ఏ అధ్యాయం, ఏ సామర్థ్యం కిందికి వస్తుందో చూసుకోవడమే మార్గం. మన సైన్సు టీచర్లకు బ్లూప్రింట్ పేరుతో ఈ పని అలవాటే. తీరా పేపరు అచ్చయ్యేసరికి గ్రాఫు ప్రశ్నలు రెండు తగ్గి పేర్ల ప్రశ్నలు రెండు పెరగడం కూడా అలవాటే.

జిల్లా పరిషత్ హైస్కూల్లో అంశ విశ్లేషణ చేయడానికి కంప్యూటరు తప్పనిసరి కాదు. దిద్దిన జవాబుపత్రాలను మార్కుల వరుసలో పేర్చి, 40 మంది ఉంటే పైనుంచి 11, కిందనుంచి 11 విడదీసి, ఒకరు ఆప్షన్లు చదువుతుంటే ఇంకొకరు గీతలు పెట్టుకుంటూ పోతే 20 బిట్ల పేపరు ఒక పీరియడులో తేలుతుంది. ఎక్సెల్ వాడితే ఇంకా త్వరగా అవుతుంది. అయితే 11 మంది గుంపులో ఒక్క పిల్లవాడి జవాబు మారితే సూచిక దాదాపు 0.09 మారుతుంది. కాబట్టి ఒక్క తరగతి ఫలితంతో ప్రశ్నకు ఉరిశిక్ష వేయకూడదు. రెండు మూడు సెక్షన్లు, రెండు మూడు సంవత్సరాల గీతలు కలిశాకే అంకెలకు నిలకడ వస్తుంది. ఇందుకోసం ఒక్కో ప్రశ్నకు ఒక్కో కార్డు పెట్టుకోవడం పాత పద్ధతి. ముందువైపు ప్రశ్న, ఆప్షన్లు, కీ, అధ్యాయం ఉంటాయి. వెనకవైపు పెట్టిన తేదీ, రాసినవాళ్ల సంఖ్య, సులభత, విచక్షణ, ఏ ఆప్షన్‌కు ఎంతమంది అన్న లెక్క ఉంటాయి. ఏ ఆప్షన్‌ను మార్చినా, ఒక్క మాట సవరించినా ఆ ప్రశ్న కొత్తదే. పాత అంకెలు దానికి వర్తించవు, కార్డు మళ్లీ మొదటినుంచి రాయాలి.